నాలుగు, పది, ముప్పై

అనంతపురం కమలానగర్‌లో, టైలరంగడి మీద, రెండో అంతస్తులో
మేం ఏడుగురం ఒక డేటాబేస్ రాస్తా ఉన్నాం.
కింద కుట్టుమిషన్ ఆగినప్పుడల్లా
పైన ఫ్యాన్ చప్పుడు పెద్దదవుతాది.

ఆ సోమవారం మా ముందరున్న పని చిన్నదే.
రాతలో నమూనాను వెతికిపెట్టే లైబ్రరీ ఒకటి ఎంచుకోవాల.
మూడున్నాయి.

మొదటిది పాతది, చేతికి అలవాటైన కొడవలి.
చిన్నది, ఎవురికీ బాకీ లేదు, భలే వేగం.
కాకపోతే దానికి బైటు తప్ప అక్షరం తెలీదు.
ఇంగ్లీషుకు అక్షరానికొక బైటు చాలు గనక
దాని చదువు అక్కడికే ఆగిపోయింది.
"ఏమైతాదిలే, దీన్నే పెట్టేద్దాం"
అన్న్యాడు షేక్షావలి. గడువు శుక్రవారం మరి.

నేను వేరుశనగ విత్తనాల పట్టిక తెరిచినాను.
నార్పల మండలం, పద్నాలుగు వేల పేర్లు.
గూగూడు పీర్లకు మొక్కుకుని పెట్టుకున్నవి
అందులో ఎన్నెన్నో.
కుళ్లాయప్ప.
ఒక గుమాస్తా ళ రాస్తాడు,
ఇంకొక గుమాస్తాకు ఓపిక లేక ల రాస్తాడు.
మనిషి ఒకడే, మూడెకరాలు అవే,
ఎండిన బోరు అదే.

కంటికి ఆ పేరు నాలుగక్షరాలు.
లోపల విప్పితే పది.
కొమ్ము, పొల్లు, దీర్ఘం, అన్నీ తలా ఒక లెక్క.
ఇంకా విప్పితే ముప్పై బైట్లు,
ముప్పై బోకిపెంకులు.

"ల గానీ ళ గానీ" అని
చదరపు బ్రాకెట్లో పెట్టి పాతదానికి ఇచ్చినాను.
పద్నాలుగు వేల మందినీ పట్టుకొచ్చింది.
ఈరన్నను, మస్తానమ్మను, దాదాపీరును,
పేరులో ల జాడే లేనోళ్లను.
మన అక్షరాలన్నిటికీ మొదటి ముక్క ఒకటే,
ఇంటిపేరు మాదిరి.
అది కలిస్తే చాలు, మనిషి దొరికినట్టే దానికి.
సరే, నిండు పేరు మధ్యలో అదే బ్రాకెట్ పెడితే
ఒక్కడూ దొరకలా.
అయితే ఊరంతా, లేదంటే ఊరే లేదు.

రెండోది కొంచెం చదువుకున్నది.
కుళ్లాయప్పనూ కుల్లాయప్పనూ పక్కపక్కన నిలబెట్టింది.
సంతోషపడి, మొదటక్షరం కోసియ్యమన్నాను.
క మాత్రం కోసిచ్చింది.
విడిపోయిన కొమ్ము
చుక్కల సున్నా ఎక్కి కూచుంది,
కడాకరి బస్సు తప్పిపోయినోని మాదిరి.

మూడోది దేశదేశాల లిపులన్నీ నెత్తిన మోసుకొచ్చేది.
మూట బరువు. పైగా
వెతికే ముందు రాతంతా తన కొలతకు మార్చమంటాది,
మిరపకాయలు దంచే ముందర తొడిమలు తీసినట్టు.
కు అడిగితే కు ఇచ్చింది. ళ్లా అడిగితే ళ్లా.
పాతది నలభై మిల్లీసెకన్లలో చెప్పే అబద్ధాన్ని
ఇది మూడొందల్లో నిజంగా చెప్పింది.

"మూడొందలా?" అన్న్యాడు షేక్షావలి.
గంటసేపు కొట్లాడుకున్నాం.
కడాకు, ఎందుకో, పాతదాన్లో తన పేరు కొట్టినాడు,
పది బైట్లకాడ కత్తిరించమన్నాడు.
షేక అని వచ్చింది.
పొల్లు పడాల్సిన చోట
నల్లటి డైమండులో ఒక ప్రశ్నార్థకం.

ఏమీ అనలా. టీకి దిగిపోయినాడు.
నాకు కూడా ఒక గ్లాసు తెచ్చినాడు, చల్లారిపోయింది.
"మూడోదే పెట్టు. గడువు సంగతి నేను మాట్లాడతా."

విత్తనాల కౌంటరు కాడ
కుళ్లాయప్ప నాలుగు రోజులుగా వరసలో ఉన్నాడంట.
ఆయప్పకు మూడొందల మిల్లీసెకన్లు అంటే
తలగుడ్డ సర్దుకున్నంత సేపు కూడా కాదు.

పాతదాన్ని మాత్రం ఇంకా తీసెయ్యలా.
తేదీలు వెతకడానికి అది చాలు.
అంకెలకు వత్తులుండవు.